డబ్బా కొట్టకుండా జీడిపప్పు అమ్ముకోవడం: వాట్సాప్ బిజినెస్ యాప్ మీద నా రివ్యూ

వాట్సాప్ బిజినెస్ యాప్‌కి నేనిచ్చే మార్కులు ఐదుకి నాలుగు. డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో వాడుకోవచ్చు, నాలాంటి చిన్న వ్యాపారికి సరిపోతుంది. ఒక మార్కు ఎందుకు కోశానో కింద చెప్తాను. ఏ బటన్ ఎక్కడుందో చూపించే వీడియోలు యూట్యూబ్‌లో బోలెడున్నాయి కాబట్టి ఆ జోలికి పోను. తన సరుకు గురించి తాను చెప్పుకోవాలంటే నోరు రాని మనిషికి ఈ యాప్ ఏమైనా సాయం చేస్తుందా అన్నది మాత్రం ఎవరూ రాస్తున్నట్టు లేదు. నేను ఆ బాపతు మనిషినే కనుక అదొక్కటీ రాస్తాను.

మాది పలాసని ఆనుకుని ఉన్న కాశీబుగ్గ. పలాస అనగానే అందరికీ గుర్తొచ్చే జీడిపప్పే మా ఇంటికీ ఆధారం. మావారు ఒక జీడి ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. నేను పెళ్లికి ముందు నుంచీ పప్పు ఏరే పనిలో ఉన్నదాన్ని. ఇప్పుడు తెలిసిన ఫ్యాక్టరీల దగ్గర పప్పు తీసుకుని, ఇంట్లో మళ్లీ ఏరి, తూచి, ప్యాకెట్లు కట్టి విశాఖపట్నం, హైదరాబాద్, బెంగళూరు పంపిస్తుంటాను. హైవే దిగి ఊళ్లోకి వస్తుంటే జీడిపప్పు షాపుల బోర్డులు చూడండి. అన్నిటి మీదా ఒకటే మాట, అసలు సిసలైన పలాస జీడిపప్పు, నంబర్ వన్ క్వాలిటీ అని. అందరూ నంబర్ వన్ అయితే నంబర్ టూ ఎవరో మరి. ఆన్‌లైన్‌లోనూ ఇదే గోల. ప్రీమియం, సూపర్ ప్రీమియం, రాయల్ ప్రీమియం. చదివేవాళ్లకి ఆ మాటలు ఎప్పుడో మొద్దుబారిపోయాయి.

మా అత్తగారిది ఇంకో పద్ధతి. "మన పప్పు బాగుంటాదని మనమే సెప్పుకుంటే నలుగురూ నవ్వరేటి?" అంటారు. ఆవిడ మాట కొట్టిపారేసేది కాదు. కానీ ఆవిడ కాలంలో కొనేవాడు వచ్చి గంప ముందు కూర్చుని, నాలుగు గింజలు నోట్లో వేసుకుని బేరమాడేవాడు. పప్పే మాట్లాడేది. బెంగళూరులో ఉన్నాయనకి నా పప్పు రుచి ఫోన్లో ఎలా తెలుస్తుంది? ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పేది నేనే అయినప్పుడు ఎంత చెప్పాలి, ఏం చెప్పాలి అన్నదే అసలు తిప్పలు.

యాప్ పెట్టుకోగానే ముందు ప్రొఫైల్ నింపమంటుంది. వ్యాపారం పేరు, అడ్రస్, పనివేళలు, మన గురించి నాలుగు ముక్కలు. మా మరిది ఉత్సాహంగా ఒక డిజిటల్ మార్కెటింగ్ సంస్థ చేత నమూనా రాయించి తెచ్చాడు. "ఆంధ్రప్రదేశ్‌లోనే అత్యుత్తమ ప్రీమియం జీడిపప్పు. తరతరాల నమ్మకం. నాణ్యతలో రాజీ లేదు." తరతరాలట! మా మామగారు రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా రిటైరయ్యారు. ఆ కాగితం పక్కన పెట్టి నేను ఇలా రాసుకున్నాను: "కాశీబుగ్గ నుంచి జీడిపప్పు. గుండ్లు, బద్దలు, ముక్కలు. అరకిలో నుంచి పంపుతాం. సోమ, గురువారాల్లో పార్సిల్ వేస్తాం. ఆదివారం ఫోన్ ఎత్తం." దాని కింద ఆహార భద్రత చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్లిచ్చిన 14 అంకెల నంబరు. అంతే. మరిదికి నచ్చలేదు, ఇందులో పొగడ్త ఏదీ లేదన్నాడు. కొనేవాళ్లు మాత్రం మొదటి మెసేజ్‌లోనే "గురువారం పార్సిల్‌కి అందుతుందా అండీ" అని అడుగుతున్నారు. అంటే చదివారు, నమ్మారు, తరువాతి మాటకి వచ్చేశారు.

నాకు బాగా నచ్చింది కేటలాగ్. యాప్ 2018 జనవరిలో వచ్చింది, ఈ కేటలాగ్ సౌకర్యం 2019 చివర్లో కలిపారు. ఒక్కో సరుకుకి ఫొటోలు, ధర, వివరం పెట్టుకోవచ్చు. 500 సరుకుల దాకా పడతాయి. నా దగ్గరున్నవి పదికి లోపే కాబట్టి ఆ హద్దుతో నాకు పనిలేదు. వివరం రాసుకోవడానికి చాలినంత చోటు ఇస్తారు. అక్కడే చాలామంది పూలు, వజ్రాలు, మంటల బొమ్మలు పెట్టి, "ధర కోసం మెసేజ్ చేయండి" అని వదిలేస్తారు. ధర దాచిపెట్టడమంత చిరాకు పుట్టించేది నాకు ఇంకోటి కనబడదు.

నేనేం చేశానంటే, గ్రేడు అంటే ఏమిటో చెప్పాను. జీడిపప్పు వ్యాపారంలో డబ్ల్యూ 180, డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అని రకాలుంటాయి. డబ్ల్యూ అంటే తెల్ల గుండు, అంటే విరగని నిండు పప్పు. పక్కనున్న అంకె ఒక పౌనుకి, అంటే సుమారు 454 గ్రాములకి, ఎన్ని గుండ్లు తూగుతాయో చెప్తుంది. 320 రకమైతే పౌనుకి 300 నుంచి 320. అంకె తగ్గేకొద్దీ గుండు లావు, ధర ఎక్కువ. ఇది మా ఊళ్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. బయట కిలోలకి కిలోలు కొనేవాళ్లలోనూ చాలామందికి తెలియదు. 320 రకాన్ని "జంబో" అని అంటగట్టేవాళ్లకి ఆ తెలియకపోవడమే పెట్టుబడి.

అందుకని ఒక్కో రకానికీ ఒకే పద్ధతిలో ఫొటో తీశాను. కిటికీ పక్క వెలుతురులో స్టీలు పళ్లెం, పళ్లెం కింద తూకం మిషన్. పళ్లెం బరువు తీసేశాక 100 గ్రాములని అంకె స్పష్టంగా కనబడాలి. పళ్లెంలో గుండ్లని పదేసి చొప్పున వరసలు పేర్చాను. 320 రకంలో ఆరు వరసలు నిండి, ఏడో వరసలో ఎనిమిది గుండ్లు కూర్చున్నాయి, మొత్తం 68. లెక్క ప్రకారం 100 గ్రాములకి 66 నుంచి 70 మధ్య రావాలి, వచ్చాయి. 180 రకమైతే 40కి మించకూడదు. ఫొటోలో ఫిల్టర్ వేయలేదు, పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టాను. వివరంలో ఇలా రాశాను: "పార్సిల్ అందాక మీరూ 100 గ్రాములు తూచి లెక్కపెట్టుకోండి. 70 దాటితే ఫొటో పంపండి, మాట్లాడుకుందాం." మా పప్పు పెద్ద సైజు అని రాస్తే అది నా గొప్ప. వరసలు పేర్చి చూపిస్తే ఎవరైనా సరిచూసుకోగల లెక్క. ఇంత చిన్న పనితో నా నోటికి పొగుడుకునే బాధ తప్పింది. నిజంగానే కొందరు లెక్కపెట్టి ఫొటోలు పంపిస్తారు, వాళ్ల పిల్లలకి అదొక ఆట.

ఇంకో సంగతి రాయడానికి కాస్త ధైర్యం కావాల్సి వచ్చింది. మా ప్రాంతం ఫ్యాక్టరీల్లో ఆడే పిక్కలన్నీ, అంటే పెంకుతో ఉన్న జీడి గింజలన్నీ, ఇక్కడి ఉద్దానం తోటలవి కావు. స్థానిక పంట చాలదు, ఆఫ్రికా దేశాల నుంచి కూడా పిక్కలు దిగుమతి అవుతాయి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటినప్పుడు జీడితోటలు, కొబ్బరితోటలు ఎలా కూలిపోయాయో ఇక్కడివాళ్లకి చెప్పనక్కర్లేదు. బోర్డు మీద మాత్రం అంతా "పలాస". నేను కేటలాగ్‌లో ఏ లాటు ఏ పిక్కదో ఫ్యాక్టరీవాళ్లు చెప్పినంతవరకు రాస్తాను. వజ్రపుకొత్తూరు వైపు పిక్క అయితే అదే రాస్తాను, బయటి పిక్క అయితే "దిగుమతి పిక్క, ఇక్కడ ఆడించినది" అని రాస్తాను. "నీ వ్యాపారాన్ని నువ్వే చెడగొట్టుకుంటావా" అన్నవాళ్లున్నారు. బయటి పిక్క అని రాసిన పప్పు కూడా అమ్ముడవుతూనే ఉంది. ఇక్కడి పిక్క అని నేను రాసినప్పుడు దాన్ని నమ్ముతున్నారు. ఆ రెండో దాని కోసమే మొదటిది.

అలాగే వేడి ఎక్కువ తగిలి గోధుమ రంగుకి తిరిగిన గుండ్లు. రుచికి పెద్ద లోటుండదు, చూపుకి మాత్రం తెల్లగుండు ముందు తేలిపోతాయి. "అతిథులకి ప్లేటులో పెట్టడానికి వద్దు, ఉప్మాకి, పులిహోరకి హాయిగా వాడుకోండి" అని రాసి తక్కువ ధరకి పెట్టాను. మా ఊరి మాటలో రాసిన ఆ ఒక్క వాక్యం మీద వచ్చినన్ని మెసేజ్‌లు తెల్లగుండు మీద కూడా రాలేదు.

ఇక స్టేటస్. 24 గంటలుండి పోతుంది. వ్యాపారం చేసేవాళ్లు దీన్ని తిరణాల్లో మైకులా వాడతారు, పొద్దున్నే మొదలుపెట్టి రాత్రిదాకా. అందులో నాకు బొత్తిగా పడనిది గొప్పలు చెప్పుకునేవాళ్ల కంటే వినయం ఒలకబోసేవాళ్ల తీరు. "ఆర్డర్లు ముంచెత్తుతున్నాయి, ఊపిరాడటం లేదు, ఈ చిన్నదాన్ని ఇంతదాన్ని చేసిన మీ అందరికీ పాదాభివందనాలు." కింద పార్సిళ్ల గుట్ట ఫొటో, చేతులు జోడించిన బొమ్మలు అరడజను. పండగలకి నాయకుల ఫ్లెక్సీల మీద చూసే వినయం ఇదే. దండం ఎంత పెద్దదైతే ఫొటో అంత పెద్దది. దానికంటే "మా పప్పు బాగుంటుంది, కొనుక్కోండి" అని సూటిగా అనేవాడే నయం, వాడికి ఏం కావాలో మనకి తెలుస్తుంది.

నేను స్టేటస్‌లో ఎక్కువగా పెట్టేది పని. పొట్టు తీసే చేతులు, ఏరే బల్ల, సంచి కుట్టే సూది. పిక్క పగలగొట్టేటప్పుడు జీడి సొన చేతికి తగిలితే ఒళ్లు కాలుతుందని, అందుకే బూడిదో నూనో రాసుకుంటారని ఒకసారి పెడితే, కొనేవాళ్లలో సగంమందికి ఆ సంగతే తెలియదని తేలింది. పొట్టు తీసే అక్కని అడిగి, ఆమె సరేనంటేనే చేతులు చూపిస్తాను. ముఖం వద్దంది, చూపించను. ఆ వీడియో కింద "ఒక్క గింజ విరగకుండా తీయడం ఈ అక్కకే చెల్లు" అని రాశాను. అది మా వ్యాపారానికి ప్రచారమే, దాపరికమేమీ లేదు. కానీ మెచ్చుకోలు దక్కాల్సినవాళ్లకి దక్కింది, నాకు ఇబ్బందీ లేకపోయింది. మందస కోవా కావాలని ఎవరైనా అడిగితే మందసలో ఒక దుకాణం నంబరు ఇస్తాను. అందులో నాకు కమీషన్ లేదు.

కొనేవాళ్ల మెచ్చుకోలు మెసేజ్‌ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టడం మీద నాకొక లెక్క ఉంది. అడిగి పెడతాను, పేరూ నంబరూ ఫొటోలో లేకుండా కత్తిరిస్తాను, వరసగా రెండు పెట్టను. ఫిర్యాదు వస్తే దాన్నీ పెడతాను. ఒకరు "గుండ్లు కొన్నాం, పదో వంతు బద్దలే వచ్చాయి" అని ఫొటో పంపారు. పార్సిల్ మీద ఎవరో బరువు పెట్టినట్టున్నారు, పెట్టె ఒక మూల నొక్కుకుపోయి ఉంది. తేడా డబ్బులు వెనక్కి పంపి, ఆ ఫొటోనే స్టేటస్‌లో పెట్టి, "దూరం పార్సిళ్లలో కొన్ని గుండ్లు విరుగుతాయి, ఇక నుంచి గట్టి డబ్బాలో వేస్తున్నాం, డబ్బా ఖర్చు ఇంత" అని రాశాను. ఆ రోజు మెచ్చుకోలు స్టేటస్ కంటే ఎక్కువమంది చూశారు. ఎవరు చూశారో యాప్ చూపిస్తుంది కదా, మా పోటీ షాపులవాళ్లు కూడా ఉన్నారు.

బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ గురించి ఒక మాట. ఒక లిస్టులో 256 మంది వరకు వేసుకోవచ్చు, మెసేజ్ ఎవరికి వారికి విడిగా వెళ్తుంది. కానీ మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. దీన్ని లోపమని తిట్టేవాళ్లున్నారు, నాకైతే ఇదే యాప్‌లో ఉన్న మంచి మర్యాద. మనల్ని గుర్తుపెట్టుకున్న మనిషికే మన కబురు వెళ్తుంది. కొత్త లాటు వచ్చినప్పుడూ దసరాకి ముందూ తప్ప నేను పంపను. "గుడ్ మార్నింగ్" బొమ్మలు అసలే పంపను. వద్దన్నవాళ్లని లిస్టులోంచి తీసేసి, తీసేశానని ఒక మెసేజ్ పెడతాను.

జవాబుల దగ్గర యాప్ కాస్త మొద్దుది. మొదటిసారి మెసేజ్ చేసినవాళ్లకి, లేదా 14 రోజులు మాటల్లేకుండా ఉండి మళ్లీ పలకరించినవాళ్లకి, తనంతట తానే ఒక పలకరింపు పంపుతుంది. అందులో మొదట ఉండే మాటలు బ్యాంకు నుంచి వచ్చిన ఉత్తరంలా ఉంటాయి, మార్చుకోండి. నాది ఇలా ఉంటుంది: "నమస్తే అండీ. పప్పు ఏరే పనిలో ఉంటే జవాబు కాస్త ఆలస్యం అవుతుంది. దేనికి వాడతారో చెప్తే ఏ రకం సరిపోతుందో చెప్తాను." క్విక్ రిప్లైలు, అంటే ముందే రాసిపెట్టుకునే జవాబులు, 50 దాకా దాచుకోవచ్చు. పార్సిల్ చార్జీలు, నిల్వ పద్ధతి, యూపీఐ వివరాల్లాంటి వాటికి అవి బంగారం. లేబుల్స్ కూడా పనికొస్తాయి, డబ్బు రావాల్సినవాళ్లని ఒక రంగులో పెట్టుకుంటే తలనొప్పి తగ్గుతుంది.

"దేనికి వాడతారో చెప్పండి" అన్న ఆ ప్రశ్న తరువాతి మాటలు మాత్రం ఏ క్విక్ రిప్లైకీ వదలను, నేనే మాట్లాడతాను. బెంగళూరు నుంచి ఒక మేడం రెండు కిలోలు 180 రకం అడిగారు. దేనికండీ అంటే కూరల్లో గ్రేవీకి అన్నారు. "మిక్సీలో వేసేదానికి అంత గుండెందుకండీ, ముక్క తీసుకోండి, చాలా డబ్బు మిగులుతుంది" అన్నాను. ముక్కే తీసుకున్నారు. నాకు ఆ అమ్మకంలో మిగిలింది తక్కువే. ఆవిడ వాళ్ల అపార్ట్‌మెంట్ గ్రూపులో నా నంబరు పెట్టి, "ఎక్కువ ధరది వద్దని చెప్పే మనిషి" అని రాశారట. నా గురించి నేను ఆ మాట ఎన్ని రకాలుగా రాసుకున్నా వెగటుగానే ఉండేది.

ఇప్పుడు కోసిన మార్కు సంగతి. ఈ యాప్‌లో కొత్తవాళ్లు మనల్ని వెతుక్కుంటూ రావడం అరుదు. మన నంబరు ఎవరైనా ఇస్తేనే తలుపు తెరుచుకుంటుంది. పలాస వచ్చి షాపు వెతుక్కునేవాళ్లకి గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ఉండాలి, అదీ ఉచితమే. ఇన్‌స్టాగ్రామ్ కుర్రవాళ్లకి బాగుంటుంది, రోజూ రీల్ చేసే ఓపిక నాకు లేదు. పెద్దవయసువాళ్లకి కేటలాగ్ తెరవడం రాదు, వాళ్లకి ఫొటో విడిగా పంపాల్సిందే. కేటలాగ్‌లో కొత్త సరుకు పెడితే పరిశీలన అయ్యాకే కనబడుతుంది, పండగ ముందు రోజు పెడదామనుకుంటే టెన్షనే. ధరలు ఒక్కోటీ చేత్తో మార్చుకోవాలి.

గూగుల్ మాటొచ్చింది కాబట్టి. మా మరిది తెచ్చిన ఆ సంస్థవాళ్లే ఇంకో ప్యాకేజీ కూడా చెప్పారు. ఇంత డబ్బుకి ఇన్ని ఐదు నక్షత్రాల రివ్యూలు, రాసేవాళ్లు కూడా వాళ్లే తెస్తారట. వద్దన్నాం. కొనుక్కున్న రివ్యూలని గూగుల్ నిబంధనలే ఒప్పుకోవు. ఆన్‌లైన్ రివ్యూలు ఎలా సేకరించాలి, ఎలా చూపించాలి అన్నదాని మీద మన భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ 2022లో ఐఎస్ 19000 అని ఒక ప్రమాణమే తెచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రకటనలకి 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల దాకా జరిమానా పడొచ్చు. ఇవన్నీ పక్కన పెట్టినా, మా పప్పు తినని మనిషి "నోట్లో వెన్నలా కరిగిపోయింది" అని రాస్తే ఎలా ఉంటుంది? జీడిపప్పు కరగదు. కరకరలాడాలి, లేకపోతే తేమ పట్టినట్టు.

ఎవరికి పనికొస్తుందంటే, ఇంట్లోంచి పచ్చళ్లు, పప్పు, చీరలు, జాకెట్లు అమ్మేవాళ్లకి, ట్యూషన్లు చెప్పేవాళ్లకి, ఒంటిచేత్తో వ్యాపారం చేసేవాళ్లకి బాగా పనికొస్తుంది. పదిమంది పనివాళ్లు, రోజూ వందల ఆర్డర్లు ఉన్నవాళ్లకి ఇది చాలదు. మామూలు వాట్సాప్ ఉన్న నంబరుతో ఇది పెట్టకండి, ఇంకో సిమ్ తీసుకోండి. లేకపోతే చుట్టాల పెళ్లి ఫొటోల మధ్య ఆర్డర్లు వెతుక్కోవాలి. అత్తగారు ఇప్పటికీ స్టేటస్ చూసి "మళ్లీ మన పప్పేనా" అంటారు, కానీ పళ్లెంలో వరసలు పేర్చేటప్పుడు పక్కన కూర్చుని విరిగినవి ఏరేది ఆవిడే. మార్చి దాటితే కొత్త పిక్క దిగుతుంది, రేట్లన్నీ మారతాయి. మళ్లీ ఒక్కోటీ చేత్తో మార్చుకోవాలి.